మీకు తెలుసా? బీరువా కూడా ఏరు దాటుతుంది

జగ్గయ్యపేట దగ్గరి ముక్త్యాల రేవులో నిలబడితే, కృష్ణకు అవతల పల్నాడు జిల్లా మాదిపాడు కంటికి ఆనుతుంది. ఇల్లు మారేటప్పుడు సామాను లారీకెత్తి విజయవాడ మీదుగా, ప్రకాశం బ్యారేజీ దాటి వెళ్తే మాత్రం ప్రయాణం వంద కిలోమీటర్లు మించుతుంది. అందుకే ఇక్కడివాళ్ల ఆధారం బల్లకట్టు. మనుషులే కాదు, బండ్లూ దీనిమీదే దాటుతాయి. బీరువా, మంచాలు, బియ్యం బస్తాలు వేసుకున్న ట్రాలీ ఆటోను సామాను దింపకుండా అలాగే ఎక్కించేయొచ్చు. సామాను రెండుసార్లు ఎత్తి దించే బాధ తప్పుతుంది, అసలు లాభం అదే. బరువు ఒక పక్కకు ఒరగకుండా చూసుకోవాలి మరి!

గృహప్రవేశ ముహూర్తం పంతులుగారు పెట్టినా ఆఖరి మాట ఏటిదే. ఎగువన పులిచింతల ప్రాజెక్టు నుంచి వరద వదిలితే బల్లకట్టు ఆగిపోతుంది. పాలుపొంగించడానికి పెట్టుకున్న ఘడియలు కృష్ణకు పట్టవు.



ఈ తీరంలో ఇళ్ల మార్పుల్లో పెద్దది జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడిది. 18వ శతాబ్దం చివర్లో ఆయన చింతపల్లి వదిలి ఏకంగా రాజధానినే అమరావతికి మార్చారు. బేతవోలుకు తండ్రి జగ్గయ్య పేరు పెట్టి జగ్గయ్యపేట చేసిందీ ఆయనే. 2022 ఏప్రిల్ 4 నుంచి జగ్గయ్యపేట, నందిగామ రెండూ ఎన్టీఆర్ జిల్లాలోకి మారాయి, ఏ సామానూ కదలకుండానే.