లెక్క ఒప్పా? కొలత ఒప్పా?

బాలలూ! లెక్క చేయగానే మీరు పుస్తకం చివర వున్న జవాబుతో సరిచూసుకొంటారు కదా? రెండూ కలవకపోతే తప్పు మీదేననుకొని మళ్ళీ మొదలుపెడతారు. మరి, పుస్తకంలోని జవాబే తప్పయితే? రసాయన శాస్త్రంలో ఒకసారి దాదాపు అలాగే జరిగింది.

కర్బన పరమాణువుకు నాలుగు చేతులున్నాయనుకోండి. నాలుగింటితోనూ నాలుగు హైడ్రోజన్ పరమాణువులను పట్టుకొంటే అది మీథేన్ వాయువు. గోబర్ గ్యాసు పొయ్యిలో మండేది ఇదే. రెండింటినే పట్టుకొని, రెండు చేతులు ఖాళీగా వుంటే అది మెథిలీన్. ఇలా ఖాళీ చేయి వున్నవాటిని రాడికల్స్ అంటారు. ఖాళీ చేయి ఊరుకోదు, ఎదురైనదాన్నల్లా పట్టుకొంటుంది. అందుచేత మెథిలీన్ రెప్పపాటు కాలం కూడా నిలవదు.

దాని ఆకారమేమిటి? మూడు పరమాణువులూ బద్దలాగా తిన్నగా వుంటాయా, మోచేయిలాగా వంగి వుంటాయా?

1960లో ఇంగ్లండులో బాయ్స్, ఫాస్టర్ అనే శాస్త్రజ్ఞులు, ప్రయోగమేమీ చేయకుండా, ఎలక్ట్రాన్ల సూత్రాలను బట్టి కంప్యూటరుతో లెక్క కట్టారు. మెథిలీన్ వంగి వుంటుందనీ, కోణం 129 డిగ్రీలనీ వచ్చింది.

కెనడాలో గెర్హార్డ్ హెర్జ్‌బర్గ్ అనే గొప్ప శాస్త్రజ్ఞుడు వుండేవాడు. ఆయన ఒక వాయువును కాంతి మెరుపుతో విడగొట్టి మెథిలీన్‌ను పుట్టించి, అది మాయమయ్యేలోగా దాని వర్ణపటాన్ని ఫోటో తీశాడు. అందులోని గీతలను పరిశీలించి, 1961లో, అది తిన్నగానే వుంటుందని చెప్పాడు. కంటికి కనిపించే గీతలను కాదని కాగితం మీది లెక్కను ఎవరు నమ్ముతారు?

కాని 1970లో అమెరికాలో బెండర్, షేఫర్ అనేవారు మరింత పెద్ద లెక్క చేశారు. కోణం 135 డిగ్రీలని వచ్చింది! అదే ఏడు కొందరు మెథిలీన్‌ను అతి చల్లని ఘనపదార్థంలో బంధించి, అయస్కాంతం మధ్య వుంచి పరీక్షించారు. అప్పుడూ వంగినట్టే తేలింది.

హెర్జ్‌బర్గ్ పంతం పట్టలేదు. వర్ణపటాన్ని మళ్ళీ పరిశీలించి, 1971లో, అది వంగే వుంటుందని ఒప్పుకొన్నాడు. గీతలు అబద్ధమాడలేదు, వాటిని చదవడంలోనే పొరపాటు జరిగింది. రాడికల్స్ మీద ఆయన చేసిన కృషికి ఆ ఏడే నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు అందరూ ఒప్పుకొన్న కోణం సుమారు 134 డిగ్రీలు. కోణమానినితో గీసి చూడండి.

అయితే ఇక లెక్కలన్నిటినీ నమ్మవచ్చునా? తొందరపడకండి. మొదటి లెక్క కూడా 5 డిగ్రీలు తప్పింది కదా!

రసాయన చర్య జరగడమంటే ఒక గట్టు ఎక్కి దిగడం లాంటిది. గట్టు ఎత్తయిన కొద్దీ చర్య నెమ్మదిగా సాగుతుంది. గాలిలో హైడ్రాక్సిల్ అనే రాడికల్ వున్నది. అది మీథేన్ నుంచి ఒక హైడ్రోజన్‌ను లాక్కొంటుంది. భూమిని వేడెక్కించే మీథేన్ గాలిలో తగ్గేది ముఖ్యంగా ఈ చర్య వల్లనే. దీని గట్టు ఎత్తును మోలుకు ఒక్క కిలోకెలోరీ తప్పుగా లెక్కిస్తే, చర్య వేగం సుమారు అయిదు రెట్లు తప్పిపోతుంది!

అందుకే శాస్త్రజ్ఞులు ప్రతి కొత్త లెక్క పద్ధతికీ ముందు పరీక్ష పెడతారు. ఒక హైడ్రోజన్ పరమాణువు హైడ్రోజన్ అణువును ఢీకొని, అందులోని ఒకదాన్ని వెళ్ళగొట్టి తాను జతకూడుతుంది. ఇందులో వున్నవి మూడే ఎలక్ట్రాన్లు గనుక దీని గట్టు ఎత్తు రూఢిగా తెలుసు. ఇలాంటి చర్యల మీద పరీక్షిస్తే, త్వరగా ముగిసే పద్ధతులు కొన్ని గట్టును వున్నదానికన్న తక్కువగా చూపుతాయని బయటపడింది.

ఈసారి మీ జవాబు పుస్తకంతో కలవకపోతే వెంటనే చెరిపివేయకండి. మరొక పద్ధతిలో చేసి చూడండి. అప్పుడూ అదే జవాబు వస్తే, పలక తీసుకొని నేరుగా మాస్టారి దగ్గరకు వెళ్ళండి!