నీటిని దాచు రవ్వ

మన రాయదుర్గపు టెఱ్ఱనేలలో వాన వెలిసిన నాలుగు నాళ్లకే పెరటిమల్లె వాడుట యెల్ల రెఱిగినదే. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు 'పూసా హైడ్రోజెల్' అను నొక రవ్వను గల్పించిరి. చెట్లనారలోని సెల్యులోజు దీనికి మూలము. ఇది శుద్ధజలమున తన తూకమునకు 350 రెట్లు పీల్చి, జిగురుముద్దయై, మట్టి యారినకొలది వేళ్లకు మెల్లగా విడుచును. ఎకరమునకు 1 లేక 2 కిలోలు చాలును. పైన చల్లరాదు, వేళ్ల దరి మట్టిలో గలుపవలెను.

అయితే యిది నీటిని దాచునే కాని పుట్టింపదు. వానయే రాని యేట వేరుసెనగచేనికి దీనివలన నేమి లాభము? ఉప్పునీరు తగిలినచో పీల్చుశక్తియు మిక్కిలి తగ్గును. తొలివేసవిని దాటవలసిన వేపమొక్కలకును, పూలపాదులకును వాడుట మేలని నా తలంపు. రవ్వడబ్బాను మాత్రము వంటయింట నుంచకుడు, పిల్లల కందనీయకుడు.