వార్తల్లో పదం: ఐదో కాంటూరు

కొల్లేరు వార్త ఏదైనా సరే, వెంట వచ్చే మాట కాంటూరు. సముద్రమట్టానికి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ పటంలో గీసే గీత అది. ఐదో కాంటూరు అంటే ఐదడుగుల ఎత్తు. ఆ గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది.

చిక్కల్లా, ఆ గీత లోపల జిరాయితీ పొలాలు, అంటే రైతుల సొంత పట్టా భూములు కూడా ఉండటం. అక్కడ సంప్రదాయ సాగు చేసుకోవచ్చు గానీ చేపల చెరువు తవ్వకూడదు. ఈ తేడాకు కారణం ఉంది. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి పోస్తాయి. అవి ఉప్పుటేరు గుండా సముద్రంలోకి తీస్తున్నకొద్దీ తేలిన అంచుల్లో రైతు దాళ్వా వరి వేస్తాడు. నీటి రాకపోకలను ఆ పొలం అడ్డుకోదు. కొంగలు గట్ల వెంటే మేత ఏరుకుంటాయి. చెరువు గట్టు మాత్రం నీటిని నిలేస్తుంది. 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరుతో కూల్చింది ఆ గట్లనే.

2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. బల్లపరుపు నేల కదా, రెండడుగులు దిగితే మైళ్ల కొద్దీ సరస్సు గీత బయటికి పోతుంది. నా మటుకు, గీత జరపడం కన్నా చిన్న రైతుకు పరిహారం ఇవ్వడమే న్యాయం.

ఈ గీత పక్షులకూ ఆసరానే. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు చెట్ల మీదే కాదు, అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీదా గూళ్లు కడతాయి. ముక్కు కింద వేలాడే ఆ సంచి చూస్తే, పొలానికి నీళ్లు తోడే గూడే గుర్తొస్తుంది.