ఖాందాన్ మొత్తం క్రూజ్ ఎక్కాలంటే... కర్నూలు, కడప కుటుంబాలు ముందే తేల్చుకోవాల్సిన విషయాలు

కర్నూలుకు, కడపకు సముద్రం లేదు. ఒకప్పుడు ఈ రెండు ఊళ్లను కలిపిన నీటి దారి మాత్రం ఉండేది. 1863-1870 మధ్య తవ్విన కేసీ కెనాల్‌ని సాగుకే కాదు, పడవల రాకపోకలకు కూడా కట్టారు. 1933లో దాన్ని పూర్తిగా సాగునీటి కాలువగా మార్చేశారు. ఇక ఓడ ప్రయాణం అంటే ఇక్కడి ముస్లిం ఇళ్లలో పెద్దవాళ్లకు గుర్తొచ్చేది హజ్ ఓడ. బొంబాయి నుంచి జిద్దాకు హాజీలను తీసుకెళ్లే ఆ ఓడలు 1995లో ఆగిపోయాయి.

ఇప్పుడు మాట మారింది. కువైట్, దుబాయ్, సౌదీలో పనిచేసే కొడుకులు సెలవు మీద వస్తున్నారు. "అందరం కలిసి ఒక్కసారైనా క్రూజ్‌కి పోదాం" అని ఖాందాన్ వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు పెడుతున్నారు. నానీ, దాదీ నుంచి పాలు తాగే బిడ్డ వరకు పాతికమంది. ఒక్క హోటల్ మార్చక్కర్లేదు, ఒక్క బస్సు ఎక్కి దిగక్కర్లేదు, అందరూ ఒకే చోట. వినడానికి బాగుంది. కానీ డబ్బు, పాస్‌పోర్ట్, భోజనం, నమాజ్... ఈ నాలుగూ ముందే తేల్చుకోకపోతే ఖర్చుతో పాటు మనసులూ పాడవుతాయి.

ఏ ఓడ? ఎక్కడి నుంచి?

రాయలసీమ కుటుంబాలకు దగ్గరి దారి చెన్నై. కాచిగూడ నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ కర్నూలు, కడప రెండింటి మీదుగా చెన్నై వెళ్తుంది కాబట్టి రెండు ఊళ్ల చుట్టాలు ఒకే బండిలో కలుసుకోవచ్చు. కార్డీలియా క్రూజెస్ వాళ్ల 'ఎంప్రెస్' ఓడ వానాకాలంలో పశ్చిమ తీరం వదిలి తూర్పు తీరానికి వచ్చి చెన్నై నుంచి నడిచిన సందర్భాలున్నాయి. 2022 జూన్‌లో విశాఖకు వచ్చింది. 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకకు వెళ్లింది. విశాఖ పోర్టులో 2023 సెప్టెంబర్‌లో క్రూజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. ఈ ట్రిప్పులు ఏడాది పొడవునా ఉండవు. తేదీలు చూసుకున్నాకే సెలవు పెట్టాలి.

'ఎంప్రెస్' కొత్త ఓడ కాదు, 1990లో నీళ్లలోకి దిగింది. ఇప్పుడొస్తున్న పెద్ద ఓడలతో పోలిస్తే చిన్నది. మొదటిసారి వెళ్లేవాళ్లకు రెండు, మూడు రాత్రుల ట్రిప్ సరిపోతుంది. అయితే ఇందులో బార్, క్యాసినో ఉంటాయన్నది ముందే తెలిసుండాలి.

రెండో దారి గల్ఫ్. చలికాలంలో దుబాయ్, దోహా నుంచి పెద్ద క్రూజ్ కంపెనీల ఓడలు నడుస్తాయి. సగం కుటుంబం కువైట్‌లో ఉంటే వాళ్లకు ఇదే దగ్గర.

మూడోది మన వాళ్లు ఎక్కువగా అడుగుతున్నది. సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి పీఐఎఫ్‌కి చెందిన క్రూజ్ సౌదీ సంస్థ 'అరోయా' ఓడను 2024 డిసెంబర్‌లో జిద్దా నుంచి మొదలుపెట్టింది. ఇందులో మద్యం ఉండదు, జూదం ఉండదు. ఓడ ఏ సీజన్‌లో ఏ పోర్టు నుంచి నడుస్తుందో మారుతుంటుంది. సింగపూర్ వైపు చూసేవాళ్లకు 'జెంటింగ్ డ్రీమ్' ఓడ ఉంది. దానికి ఇస్లామిక్ దేశాల ప్రమాణాల ప్రకారం హలాల్ సర్టిఫికెట్ ఉన్న వంటశాల ఉంది, కానీ మద్యం, క్యాసినో కూడా ఉన్నాయి. అంటే 'హలాల్ భోజనం ఉన్న ఓడ', 'హలాల్ వాతావరణం ఉన్న ఓడ' ఒకటి కాదు. ఏజెంట్ ఏది చెబుతున్నాడో అడిగి తేల్చుకోవాలి.

ఏ దారి ఎంచుకున్నా, బుక్ చేసే రోజున విదేశాంగ శాఖ ప్రయాణ సూచనలు చూసుకోవడం మర్చిపోవద్దు.

ముందు అమీర్‌ని ఎంచుకోండి

ముగ్గురు ప్రయాణం చేస్తే ఒకరిని అమీర్‌గా పెట్టుకోమని హదీసు. పాతికమంది ఉన్నప్పుడు ఇది మరీ అవసరం. అమీర్ అంటే అందరికన్నా పెద్దవాడే కానక్కర్లేదు. ఈమెయిల్ చదివేవాడు, లెక్క రాసేవాడు, చాచా మాటకూ, కొత్త కోడలి మాటకూ ఒకే విలువ ఇచ్చేవాడు అయితే చాలు. మషూరా అందరితో చేయాలి, ఏజెంట్‌తో మాట్లాడేది మాత్రం ఒక్కరే ఉండాలి. నలుగురు నాలుగు ఫోన్లు చేస్తే నాలుగు రేట్లు వస్తాయి, నాలుగు గొడవలు మొదలవుతాయి.

మొదటి మషూరాలోనే మూడు ప్రశ్నలు అడగాలి. ఒక్కో కుటుంబం నిజంగా ఎంత పెట్టగలదు? ఎవరికి ఏ తేదీల్లో సెలవు? ఎవరు రాలేరు? మొదటి ప్రశ్నకు గ్రూపులో నిజం చెప్పడం చాలామందికి కష్టం. దుబాయ్ తమ్ముడు బాల్కనీ రూమ్ అంటే, కర్నూలులో చిన్న షాపు పెట్టుకున్న అన్న "సరే" అంటాడు, తర్వాత అప్పు చేస్తాడు. అందుకే ఈ సంగతి అమీర్ ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటం మేలు. ఓడలో భోజనం, షోలు, డెక్ అందరికీ ఒకటే. కిటికీ లేని లోపలి రూమ్ తీసుకున్నవాళ్లకు దక్కనిది కిటికీ ఒక్కటే. ఈ మాట ముందే చెబితే సగం భారం తగ్గుతుంది.

రూమ్‌ల లెక్క

క్రూజ్‌లో రేటు మనిషికి చెబుతారు, అదీ ఒక రూమ్‌లో ఇద్దరు ఉంటారని. మూడో మనిషికి, నాలుగో మనిషికి రేటు తగ్గుతుంది. ఒంటరిగా ఉండే ఖాలాకు ఒక్క రూమ్ ఇస్తే దాదాపు ఇద్దరి డబ్బు పడుతుంది. ప్రకటనలో కనిపించే రేటుకు పోర్ట్ ఛార్జీలు, జీఎస్టీ, సిబ్బంది టిప్పు కలుస్తాయో లేదో అడగాలి. "అన్నీ కలిపి చివరి మొత్తం ఎంత" అన్న ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు రావాలి.

చాలా కంపెనీలు ఎనిమిది రూమ్‌లు దాటితే గ్రూప్ బుకింగ్ కింద లెక్కేస్తాయి, రాయితీ అడగొచ్చు. మధ్యలో తలుపు ఉండే రూమ్‌లు కొన్నే ఉంటాయి, ముందుగా అడిగినవాళ్లకే దొరుకుతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు లిఫ్ట్ దగ్గర రూమ్, కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లకు కింది అంతస్తులో ఓడ మధ్యభాగంలో రూమ్ తీసుకోవాలి. అక్కడ ఊపు తక్కువ. ఆరు నెలల లోపు బిడ్డను, ప్రయాణం ముగిసేలోగా 24 వారాలు నిండే గర్భిణిని సాధారణంగా ఓడ ఎక్కనివ్వరు. ఇంట్లో కొత్త జంట ఉంటే ఈ లెక్క ముందే చూసుకోవాలి.

ఎవరి డబ్బు వాళ్ల పాన్ మీదే

ఎక్కువ కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే. మన ఇళ్లలో అలవాటు ఏంటంటే, అందరూ పెద్దన్నకు డబ్బు పంపుతారు, ఆయన ఒకేసారి కడతాడు. విదేశీ టూర్ ప్యాకేజీకి ఇది పనికిరాదు. దాని మీద ఏజెంట్ టీసీఎస్ వసూలు చేస్తాడు, అది డబ్బు కట్టినవాళ్ల పాన్ మీద పడుతుంది.

2025-26 రేట్ల ప్రకారం ఒక మనిషికి ఏడాదిలో 10 లక్షల వరకు 5 శాతం, ఆ పైన 20 శాతం. ఆరు కుటుంబాలకు కలిపి 24 లక్షల ప్యాకేజీ అనుకుందాం. పెద్దన్న ఒక్కడే కడితే మొదటి 10 లక్షల మీద 50 వేలు, మిగతా 14 లక్షల మీద 2 లక్షల 80 వేలు, మొత్తం 3 లక్షల 30 వేలు. అదే ఆరు కుటుంబాలు తలా 4 లక్షలు సొంత పాన్ మీద కడితే ఒక్కొక్కరికి 20 వేలు, మొత్తం 1 లక్షా 20 వేలు. తేడా 2 లక్షల 10 వేలు. రిటర్న్ వేస్తే ఇది పన్నులో సర్దుబాటవుతుంది లేదా వెనక్కి వస్తుంది. కానీ అప్పటిదాకా నెలల తరబడి డబ్బు ఇరుక్కుపోతుంది, రిటర్న్ వేయనివాళ్లకు అసలే రాదు.

2026 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఈ రేటును మొత్తంతో సంబంధం లేకుండా 2 శాతానికి తగ్గించారు. బుక్ చేసే రోజున ఏ రేటు నడుస్తోందో చూసుకోవాలి. రేటు తగ్గినంత మాత్రాన సమస్య తీరలేదు. 5 లక్షల ఆదాయం చూపించే మనిషి ఏఐఎస్‌లో 24 లక్షల విదేశీ టూర్ కనిపిస్తే, ఆ డబ్బు ఎక్కడిదని అడగొచ్చు. తమ్ముళ్లు నగదుగా ఇచ్చారంటే చూపించడానికి కాగితం ఉండదు. ఒకే టూర్‌కి ఒకరి దగ్గర 2 లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడం చట్టం ఒప్పుకోదు కూడా. కాబట్టి ప్రతి కుటుంబం విడిగా ఇన్‌వాయిస్ తీసుకుని, బ్యాంకు ద్వారానే కట్టాలి. చెన్నై నుంచి విశాఖ వెళ్లొచ్చే దేశీయ ట్రిప్‌కి ఈ టీసీఎస్ ఉండదు.

'ఇప్పుడు వెళ్లండి, తర్వాత కట్టండి' అనే ఈఎంఐల్లో వడ్డీ ఉంటుంది. పైకి 'నో కాస్ట్' అన్నా ఒప్పంద పత్రం చదవాలి. వడ్డీ వద్దనుకునే ఖాందాన్ ఏడాది ముందు నుంచి ఇంట్లోనే కమిటీ నడిపించుకోవచ్చు. నెలకు ఇంత అని జమ, వేలం లేదు, వడ్డీ లేదు. హజ్, ఉమ్రా కోసం మన ఆడవాళ్లకు బాగా అలవాటైన పద్ధతే ఇది.

పాస్‌పోర్ట్‌లో పేరు

రాయలసీమలో ఇదో పెద్ద తలనొప్పి. ఆధార్‌లో 'ఎస్.కె.', పాన్‌లో 'షేక్', టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో వెనక. కొందరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ. ఒకే పేరున్న పాస్‌పోర్ట్ మీద విజిట్ వీసాతో రానివ్వబోమని యూఏఈ 2022 నవంబర్‌లో నిబంధన పెట్టింది. దుబాయ్ నుంచి ఓడ ఎక్కేవాళ్లు దీన్ని మొదటే సరిచేసుకోవాలి. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి.

పిల్లల పాస్‌పోర్ట్ గడువు ఐదేళ్లే. తిరిగొచ్చే తేదీ తర్వాత ఆరు నెలల గడువు అందరికీ ఉందా అని అమీర్ ఒక పట్టిక రాసుకోవాలి. ఓడ ఒక దేశం నుంచి బయల్దేరి, వేరే దేశాలు తిరిగి, మళ్లీ అక్కడికే వస్తే అది రెండోసారి ప్రవేశం కింద లెక్క. సింగిల్ ఎంట్రీ వీసా సరిపోదు.

వంటశాలను అడగాల్సినవి

"హలాల్ దొరుకుతుందా?" అంటే "దొరుకుతుంది" అనే అంటారు. ప్రశ్న ఇంకా సూటిగా ఉండాలి. మాంసం ఎవరి సర్టిఫికెట్‌తో వస్తుంది? పంది మాంసం వండే పాత్రలు, నూనె వేరేనా? సాస్‌లలో వైన్ పోస్తారా? డెజర్ట్‌లలో జెలటిన్ దేనిది? జైన్ భోజనం విడిగా వండిపెట్టే ఓడలు మన దేశంలోనే ఉన్నాయి. కాబట్టి ముందుగా, రాతపూర్వకంగా, గ్రూపుగా అడిగితే కుదరదనడానికి కారణం ఉండదు.

ఓడలో సీఫుడ్ ఎక్కువ. ఇక్కడ ఎక్కువమంది పాటించే హనఫీ ఫిఖ్హ్‌లో చేపలు హలాల్. పీత, స్క్విడ్ తినరు. రొయ్యల మీద ఆలిమ్‌లలో భిన్నాభిప్రాయం ఉంది. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లాలి.

నమాజ్

హనఫీ లెక్కలో సుమారు 78 కిలోమీటర్లు దాటే ప్రయాణమైతే ముసాఫిరే. జుహర్, అసర్, ఇషా ఫర్జ్ రెండేసి రకాత్‌లు. జుమా మీద ఫర్జ్ కాదు, దాని బదులు జుహర్ చదవాలి. నిలబడగలిగినవాళ్లు నిలబడే చదవాలి, ఓడ బాగా ఊగి కుదరకపోతే కూర్చోవచ్చు. మధ్యలో ఓడ తిరిగితే ఖిబ్లా వైపు తిరగాలి. నడిసముద్రంలో మామూలు మొబైల్ నెట్ అందదు కాబట్టి నమాజ్ వేళల పట్టిక, దిక్సూచి ముందే ఫోన్‌లో దించుకోవాలి. జమాత్ కోసం ఖాళీ మీటింగ్ రూమ్ ఇవ్వమని రిసెప్షన్‌లో అడగొచ్చు. ఆడవాళ్లకు ప్రత్యేకంగా పూల్ సమయం, లేడీ డాక్టర్ ఉన్నారా అన్నది బుకింగ్‌కి ముందే అడగాలి.

ఓడ ఎక్కాక

లోపల నగదు నడవదు. రూమ్ కార్డ్ గీకితే బిల్లు పెరుగుతూ పోతుంది. పిల్లల కార్డులకు పరిమితి పెట్టించాలి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో లేకపోతే ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుని రోమింగ్ బిల్లు వేలల్లో వస్తుంది. షుగర్, బీపీ మందులు ప్రయాణ రోజులకన్నా వారం ఎక్కువే, చేతి సంచిలో, డాక్టర్ చీటీతో సహా ఉండాలి. ఓడలో డాక్టర్ ఉంటాడు, ఫీజు మాత్రం ఎక్కువ.

చెప్పిన ప్రతి ఊళ్లో ఓడ ఆగుతుందన్న గ్యారంటీ లేదు. 2022 జూన్‌లో 'ఎంప్రెస్' పుదుచ్చేరి వెళ్లినా ప్రభుత్వ అనుమతి రాక ఆగలేదు. తుఫాను వచ్చినా దారి మారుతుంది. టికెట్ షరతుల్లో ఆ హక్కు కంపెనీకే ఉంటుంది. ప్రయాణం దగ్గరపడే కొద్దీ రద్దు చేసుకుంటే వెనక్కొచ్చేదీ తగ్గుతుంది. కువైట్‌లో సెలవు దొరక్కపోతే ఆ పేరు బదులు ఇంకొకరి పేరు పెట్టొచ్చా, ఎన్ని రోజుల ముందు వరకు అన్నది అడ్వాన్స్ కట్టేముందే రాయించుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడూ పడవ ఎక్కలేదంటే, లక్షలు కట్టేముందు ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. నాగార్జునసాగర్–శ్రీశైలం లాంచీలో ఒక రోజు కృష్ణ మీద తిరిగి రావచ్చు. సముద్రపు ఊపు అక్కడ తెలియదు కానీ, పెద్దవాళ్లు ఎంతసేపు కూర్చోగలరో, చిన్నపిల్లల్ని ఎవరు చూసుకుంటారో, వదినా మరదళ్లలో పని ఎవరి మీద పడుతుందో ఆ ఒక్క రోజులోనే తెలిసిపోతుంది. ఆ రోజు బాగా గడిస్తే పాస్‌పోర్ట్‌ల పని మొదలుపెట్టొచ్చు.