పిస్టల్ చిన్నదే.. తిప్పలే పెద్దవి!

జేమ్స్‌బాండ్ తుపాకీ అనగానే చాలామందికి ఠక్కున గుర్తొచ్చేది వాల్తర్ పీపీకే. కానీ ఇయాన్ ఫ్లెమింగ్ తొలి నవలల్లో బాండ్ దగ్గర ఉండేది ఓ బుల్లి బెరెట్టా. అది చదివి, జెఫ్రీ బూత్‌రాయిడ్ అనే తుపాకుల ప్రియుడు ఊరుకోలేకపోయాడు. బాండ్ లాంటివాడికి ఆ తుపాకీ నప్పదంటూ 1956లో ఏకంగా ఫ్లెమింగ్‌కే ఉత్తరం రాశాడు. ఫ్లెమింగ్ నొచ్చుకోలేదు సరికదా, 1958లో వచ్చిన ‘డాక్టర్ నో’లో బెరెట్టాని పక్కన పెట్టించి పీపీకే ఇప్పించాడు. ఆ పని చేసే ఆయుధ నిపుణుడి పాత్రకు బూత్‌రాయిడ్ పేరే పెట్టాడు!

బాండ్‌కి సలహా చెప్పడానికి ఒకరు దొరికారు. మరి మామూలు జనానికి? అమెరికాలో ఆత్మరక్షణ కోసం కాంపాక్ట్ పిస్టల్ కొనేవాళ్లు ఎక్కువే. షాపులో పట్టుకుంటే ముద్దొస్తుంది. షూటింగ్ రేంజ్‌కి వెళ్లాకే అసలు సంగతి తెలుస్తుంది.

బరువు తగ్గితే.. దెబ్బ పెరుగుతుంది

2008లో వచ్చిన రూగర్ ఎల్‌సీపీ బరువు దాదాపు 270 గ్రాములు. పెద్ద స్మార్ట్‌ఫోన్ కంటే కాస్తే ఎక్కువ. జేబులో ఉన్నట్టే తెలీదు. కానీ తూటా ముందుకెళ్తే తుపాకీ వెనక్కి తంతుంది, ఇది స్కూల్లో చదివిన న్యూటన్ మూడో సూత్రమే. అదే తూటాని తేలికైన తుపాకీతో కాలిస్తే ఆ తన్ను ఇంకా గట్టిగా తగులుతుంది. అంటే మోయడానికి హాయిగా ఉండేది, కాల్చడానికి కష్టంగా ఉంటుందన్నమాట.

బాండ్ మెచ్చిన పీపీకే కూడా అందరికీ నప్పదు. అందులో బ్యారెల్ కదలదు. స్లైడ్ బరువు, స్ప్రింగ్ బలమే పేలుడును తట్టుకోవాలి. అందుకే స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది, చేతికి దెబ్బ తెలుస్తుంది. పెద్ద చేతులున్నవాళ్లకైతే వెనక్కొచ్చే స్లైడ్ బొటనవేలి పక్కన చర్మాన్ని గీరేస్తుంది కూడా.

మీకు సెట్టవుతుందా?

ముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూడాలి. ఆ తర్వాతే మిగతావి.

• పట్టు: చిటికెన వేలు గాల్లో వేలాడుతోందా? అయితే పట్టు సగం పోయినట్టే.

• ట్రిగర్: పట్టు మార్చకుండానే చూపుడు వేలి కొస దగ్గరి మెత్తటి భాగం ట్రిగర్‌ మీద పడాలి.

• స్లైడ్: చిన్న పిస్టళ్లలో స్ప్రింగులు గట్టిగా ఉండటం మామూలే. చేయి నొప్పెట్టకుండా లాగగలగాలి.

• గురి: ముందు, వెనక సైట్ల మధ్య దూరం తక్కువ కాబట్టి, చేతిలో చిన్న వణుకు కూడా టార్గెట్ దగ్గర పెద్ద తేడా అవుతుంది.

• 50 రౌండ్ల పరీక్ష: మొదటి పది రౌండ్లు కాదు, చివరి పది ఎక్కడ పడ్డాయో చూడండి. దెబ్బకి భయపడి చేయి ముందే బిగుసుకుపోతుంటే గురి కిందికి జారిపోతుంది.

తూటాలు మధ్యలో ఇరుక్కుంటున్నాయా? అదే పిస్టల్‌ని, అవే తూటాలతో అనుభవమున్న మరొకరితో కాల్పించి చూడండి. వాళ్ల చేతిలోనూ ఆగిపోతుంటే లోపం పిస్టల్‌దో, తూటాలదో. వాళ్లకి బాగానే పనిచేస్తే అది మీ చేతికి నప్పలేదని అర్థం. తేలికపాటి పిస్టళ్లు మణికట్టు వదులుగా ఉంటే సరిగ్గా పనిచేయకపోవచ్చు.

డబ్బులు పోశాం కదా అని..

ఇరుకు చెప్పులు రేటు చూసి తొడుక్కుంటే కాళ్లే బొబ్బలెక్కుతాయి. ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ పోయేది ప్రాణం. చేయి నొప్పెట్టే పిస్టల్‌తో ఎవరూ ప్రాక్టీస్ చేయరు. ప్రాక్టీస్ లేని తుపాకీ ఇంట్లో రక్షణ కాదు, రిస్కు. కాస్త పొడవైన మ్యాగజైన్, రబ్బరు గ్రిప్‌తో సరిపోతుందేమో చూడండి. లేదంటే మార్చేయడమే. సిగ్ పీ365 (2018) లాంటివి సుమారు అర కిలో బరువుతో, పది రౌండ్లతో వచ్చాక మధ్యేమార్గం దొరికింది. కొనేముందు రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చి చూస్తే అసలు ఈ గొడవే ఉండదు.

అమ్మేటప్పుడూ జాగ్రత్త. వేరే రాష్ట్రంలోని వ్యక్తికి నేరుగా అమ్మకూడదు, లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే వెళ్లాలి. రాష్ట్రాల రూల్స్ వేరేగా ఉంటాయి. అమ్మేదాకా లాక్ వేసి, పిల్లలకు అందకుండా పెట్టాలి.

మనవాళ్లూ.. ఇది చూసుకోండి

ఎఫ్1, హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాలపై ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. ఫ్రెండ్ చేతికిచ్చినా, రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా ఇదే రూల్. ఒక్క సెల్ఫీ సరదాకి వీసా, కెరీర్ రెండూ పోగొట్టుకోవద్దు. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకు ఈ వీసా నిషేధం వర్తించదు. డీలర్ దగ్గర పిస్టల్ కొనాలంటే మాత్రం 21 ఏళ్లు నిండాలి.

ఇక ఇండియాలో లైసెన్స్ ఉన్నా 9 ఎంఎం పిస్టల్ సామాన్యులకు దొరకదు, అది నిషేధిత బోర్. 2019 సవరణ తర్వాత ఒక్కొక్కరి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు కూడా.

పిస్టల్ ఎంత చిన్నదో, ఎంత స్టైల్‌గా ఉందో కాదు.. 50వ రౌండ్ కూడా మీరు ధైర్యంగా కాల్చగలరా అన్నదే లెక్క. లేదంటే బాండే మార్చుకున్నాడు, మనకేంటి మొహమాటం?