ఆంప్లిఫయర్ ‘గుయ్’మంటోందా? కొత్త సెట్టు కొనేముందు ఈ చిన్న పార్టులు చూపించండి..!

ఘంటసాల పాట పెడితే గొంతు కంటే ముందు ‘గుయ్’మనే మోత వినిపిస్తోందా? వాల్యూమ్ తిప్పితే కరకరమంటోందా? ఒక పక్క స్పీకర్ ఉండుండి ఆగిపోతోందా? ఇలాంటప్పుడు చాలామంది సెట్టు పని అయిపోయిందనుకుంటారు. దాన్ని మూలన పడేసి, వేలు పోసి కొత్త సౌండ్ బార్ తెచ్చుకుంటారు. కానీ తరచూ పాడయ్యేది మొత్తం మెషీన్ కాదు. అందులోని రెండు మూడు చిన్న పార్టులే. వాటిని సరిగ్గా మారిస్తే పాత సౌండ్ మళ్లీ వచ్చే అవకాశం ఉంది.

ఉప్పుగాలే అసలు శత్రువు

ఇచ్ఛాపురం, సోంపేట, కళింగపట్నం నుంచి పూసపాటిరేగ, భోగాపురం దాకా.. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఊళ్లు సముద్రానికి దగ్గరే. ఆ గాలిలో తేమతో పాటు ఉప్పు కూడా ఉంటుంది. ఆ ఉప్పు పిన్నులు, తీగల మీద చేరి తేమను పట్టి ఉంచుతుంది. అందుకే స్పీకర్ వైరు కొనలకు పచ్చటి చిలుము పడుతుంది. చిలుము ఉన్నచోట కరెంటు సాఫీగా పోదు. సౌండ్ తగ్గడానికి, ఆగి ఆగి రావడానికి ఇదో ముఖ్య కారణం.

ముందు పైసా ఖర్చు లేని పరీక్షలు

సెట్టు ఆపి ప్లగ్గు తీసేయాలి. స్పీకర్ వైరు కొన నల్లబడినా, పచ్చబడినా ఆ ముక్క కత్తిరించి, కొత్త రాగి కనిపించేలా చెక్కి మళ్లీ బిగించాలి. ఎరుపు వైరు ఎరుపులోకి, నలుపు నలుపులోకి వెళ్లిందా లేదా చూడాలి. రెండు స్పీకర్లలో ఒకదానికి మాత్రమే తిరగబడితే ఒకటి ముందుకు కదిలినప్పుడు రెండోది వెనక్కి కదులుతుంది. దాంతో బేస్ పలచబడిపోతుంది. చాలా ఇళ్లలో ‘బేస్ రావట్లేదు’ అనే కంప్లయింట్ ఇక్కడే తీరిపోవచ్చు.

ఇక ‘గుయ్’ మోత సంగతి. వాల్యూమ్ సున్నాకి తగ్గించండి. మోత తగ్గిపోతే తప్పు ఎక్కువగా ఇన్‌పుట్ వైరులోనో, ఎర్తింగ్‌లోనో ఉంటుంది. సున్నాలో కూడా అలాగే ఉంటే పవర్ సప్లయ్‌ని అనుమానించాలి.

వైరు ఎంత మందం ఉండాలి?

వేల రూపాయల స్పెషల్ వైర్లు అక్కర్లేదు. చూడాల్సింది మందం, అసలు రాగి. 10 మీటర్ల దూరానికి 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే రానూపోనూ దాదాపు 0.7 ఓమ్‌ల నిరోధం వస్తుంది. అదే 1.5 వైరు అయితే 0.23 మాత్రమే. 8 ఓమ్‌ల స్పీకర్‌కి ఇది చాలు. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చవగ్గా దొరుకుతుంది కానీ, అదే మందంలో దాని నిరోధం రాగి కంటే ఎక్కువ.

కెపాసిటర్.. చిన్న డబ్బా, పెద్ద పని

మన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్. ఆంప్లిఫయర్‌లో అది డీసీగా మారేటప్పుడు సెకనుకు 100 సార్లు ఎగుడుదిగుడు అవుతుంది. ఆ ఎత్తుపల్లాల్ని చదును చేసేవి ఫిల్టర్ కెపాసిటర్లు. వీటి లోపల తడి పదార్థం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ, వేడికి అది ఎండిపోతుంది. అప్పుడు ఆ ఎగుడుదిగుడే ‘గుయ్’మని స్పీకర్‌లోకి వచ్చేస్తుంది. లోపలి వేడి 10 డిగ్రీలు పెరిగితే వీటి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఒక లెక్క. అందుకే సెట్టును గాలాడని అరలో పెట్టకూడదు.

మార్పించేటప్పుడు మైక్రోఫారడ్ విలువ పాతదే ఉండాలి. వోల్టేజ్ పాతదానికి సమానంగా గానీ, ఎక్కువగా గానీ ఉండాలి, తక్కువ మాత్రం వద్దు. 85 డిగ్రీల రకం ఉంటే 105 డిగ్రీల రకం వేయమని అడగండి. గీత ఉన్న కాలు నెగెటివ్. తిరగేసి పెడితే అది పేలే ప్రమాదం ఉంది.

కరకర.. కీచు.. బరబర

వాల్యూమ్ తిప్పినప్పుడు వచ్చే కరకరకి కారణం లోపలి కార్బన్ పట్టీ మీద దుమ్ము. దీనికి కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే వాడాలి. కొబ్బరినూనె, మెషీన్ ఆయిల్ పోస్తే దుమ్ము మరింత అంటుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే ఆ కంట్రోల్ మార్చేయడమే.

గొంతు మందగించి, తాళం మోత వినిపించకపోతే ట్వీటర్‌కి కట్టిన చిన్న కెపాసిటర్ చూపించాలి. అదే విలువ గల పాలీప్రొపిలీన్ రకం వేస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది. బేస్ దగ్గర బరబరమంటే కోన్ చుట్టూ ఉన్న ఫోమ్ పొడిపొడి అయ్యిందేమో చూడాలి. కోన్, కాయిల్ బాగుంటే ఆ ఫోమ్ ఒక్కటే మార్చవచ్చు.

4558 ఐసీ తీసి 5532 వేయడం కూడా మెకానిక్‌ల దగ్గర వినిపించే మాటే. కాళ్ల అమరిక ఒకటే, రొద తక్కువ. కానీ ఇది కరెంటు ఎక్కువ తీసుకుంటుంది, అన్ని బోర్డులకూ పడదు. పైగా పాత కెపాసిటర్ అలాగే ఉంటే ఐసీ మార్చినా మోత పోదు. చెడినది ముందు, అప్‌గ్రేడ్ తర్వాత.

మూత మీరే తీయొద్దు..!

ప్లగ్గు పీకినా పెద్ద కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. షాక్ కొట్టొచ్చు. అందుకే లోపలి పని తెలిసిన మెకానిక్‌కే ఇవ్వాలి. మార్చిన పార్టులు తిరిగి ఇమ్మని ముందే చెప్పాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పటిలా ఇల్లు తడిసిపోతే, ఆ సెట్టుకి ‘ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం’ అనొద్దు. లోపల పూర్తిగా ఆరి, మెకానిక్ చూశాకే ప్లగ్గు పెట్టాలి.

రిపేరయ్యాక పరీక్ష ఇలా..

మీకు కంఠతా వచ్చిన పాట పెట్టండి. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల పాటైనా, ఆ ఊళ్లోనే పుట్టిన సుశీల పాటైనా సరే. అందులో గొంతే ముందుంటుంది, కాబట్టి చిన్న రొద కూడా దాగదు. పాట మొదలవకముందు నిశ్శబ్దంగా ఉండి, పల్లవిలో మాట మాటా విడివిడిగా వినిపిస్తే పని జరిగినట్టే. అయితే ఒకటి.. 4 అంగుళాల స్పీకర్‌కి ఎన్ని పార్టులు మార్చినా పెళ్లి పందిరి బాక్సుల బేస్ రాదు. కాయిల్ కాలినా, ట్రాన్స్‌ఫార్మర్ పోయినా ఖర్చు లెక్క వేసుకున్నాకే ముందుకెళ్లాలి. మిగతా సెట్లకి మాత్రం షోరూమ్ కంటే ముందు మెకానిక్ దగ్గరికి వెళ్లడమే మేలు.