పశ్చిమ ప్రకాశము - రాయలసీమ అనుబంధము

పశ్చిమ ప్రకాశము అనునది పూర్వపు ప్రకాశం జిల్లాలో నల్లమల అడవులను ఆనుకొనియున్న మెట్ట ప్రాంతము. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, దోర్నాల ఇందలి ముఖ్యమైన ఊళ్ళు. కనిగిరిని కూడ ఇందులో చేర్చి చెప్పుట కలదు. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో, అనగా రాయలసీమలో ఉండెడివి. కొత్త జిల్లా ఏర్పడిన పిమ్మట అవి కోస్తా లెక్కలోనికి వచ్చినవి. నాటి నుండి నీరు, చదువు, ఉద్యోగము, వెనుకబడిన ప్రాంతముల నిధులు అను మాట వచ్చినప్పుడెల్ల ఈ ప్రాంతము సీమలోనిదా, కోస్తాలోనిదా అను ప్రశ్న తలెత్తుచున్నది.

ఒక పెద్ద భూభాగము ఏదో ఒక కూటమి నుండి బయటకు వచ్చునప్పుడు, అందులోని చిన్న ప్రాంతము తాను పాత కూటమిలోనే ఉండెదనని కోరుట ప్రపంచములో పలుచోట్ల కనిపించును. పశ్చిమ ప్రకాశము సంగతి దీనికి దగ్గరి చుట్టము వంటిది. ఇక్కడ విడిపోయినది దేశము కాదు, రాష్ట్రము కూడ కాదు. జిల్లా సరిహద్దు మాత్రమే మారినది. అయినను ఫలితములు జిల్లా కచేరీతో ఆగలేదు.

సీమలో ఉన్న కాలము

1800 సంవత్సరములో నిజాము ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తము చేసిన భూములలో కంభం, మార్కాపురం ప్రాంతములు కూడ ఉన్నవి. మొదట ఇవి కడప జిల్లాలో ఉండెను. 1858లో కర్నూలు నవాబు పూర్వపు భూభాగమునకు కడప నుండి కంభం, మార్కాపురం, కోయిలకుంట్ల తాలూకాలను, బళ్ళారి నుండి పత్తికొండ తాలూకాను కలిపి కర్నూలు జిల్లాను ఏర్పరచిరి. కంభం తాలూకాయే తరువాతి కాలములో గిద్దలూరు తాలూకా అయినది. దత్తమండలములకు రాయలసీమ అను పేరు 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు సూచన మీద స్థిరపడినది. అప్పటికి మార్కాపురం, గిద్దలూరు ఆ పేరులోని భాగములే.

ఈ సంబంధము కాగితము మీది సంబంధము మాత్రమే కాదు. గుంటూరు నుండి నంద్యాల మీదుగా గుంతకల్లు పోవు రైలు మార్గము దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట దాటి నల్లమలలోనికి ప్రవేశించును. మీటరు గేజి కాలము నుండి ఈ ఊళ్ళ ప్రజలకు నంద్యాల రైలు దూరములో ఉన్న పట్టణము. ఒంగోలు ఈ మార్గము మీద లేదు. రైలులోనే ఒంగోలు చేరదలచినవారు ముందు గుంటూరు వైపు పోయి, అక్కడి నుండి తెనాలి మీదుగా తిరిగి దక్షిణమునకు రావలసియుండెను.

సేద్యము తీరు కూడ సీమను పోలినదే. పెద్ద నదీ కాలువలు లేవు. చెరువులు, బావులు, వానలే ఆధారము. గుండ్లకమ్మ మీద విజయనగర కాలమున కట్టిన కంభం చెరువు వీటిలో ప్రసిద్ధము. 2020లో అంతర్జాతీయ సేద్యపు నీటి సంస్థ కంభం చెరువును, కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువును, కర్నూలు-కడప కాలువను వారసత్వ కట్టడములుగా గుర్తించినది. మూడును పాత దత్తమండలములలోనివే అగుట గమనింపదగినది.

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గృహమైన శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య ఒప్పందము కుదిరినది. తుంగభద్ర, కృష్ణ, పెన్న జలముల వినియోగములో రాయలసీమకు, నెల్లూరు జిల్లాకు పది సంవత్సరములు గాని, అవసరమైన అంతకు మించిన కాలము గాని ప్రాధాన్యమియ్యవలెనని అందులో ఉన్నది. ఆనాటి సరిహద్దుల ప్రకారము మార్కాపురం, కంభం కర్నూలులోను, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరులోను ఉండెను. అనగా నేడు పశ్చిమ ప్రకాశముగా చెప్పుకొను భూమి దాదాపు అంతయు ఆ ఒప్పందపు ప్రాధాన్యము క్రిందికి వచ్చినది. అయితే ఒప్పందములో జిల్లాల పేర్లే ఉన్నవి గాని తాలూకాల పేర్లు లేవు. ఈ చిన్న సంగతి తరువాత పెద్దదైనది.

1970 నాటి మార్పు

1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుండి కొన్ని తాలూకాలను తీసి ఒంగోలు జిల్లాను ఏర్పరచిరి. గుంటూరు నుండి ఒంగోలు, అద్దంకి, చీరాల ప్రాంతములు, నెల్లూరు నుండి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి, కర్నూలు నుండి మార్కాపురం, గిద్దలూరు వచ్చినవి. 1972 డిసెంబరులో టంగుటూరి ప్రకాశం పంతులు స్మారకముగా దీనికి ప్రకాశం జిల్లా అని పేరు మార్చిరి.

పరిపాలన దృష్టితో చూచినచో ఈ ఏర్పాటు అసంగతమైనది కాదు. మార్కాపురం నుండి కర్నూలు పోవుటకు నల్లమలను దాటవలెను; ఒంగోలు సుమారు 100 కిలోమీటర్లలో ఉన్నది. గిద్దలూరు విషయములో మాత్రము ఈ వాదము నిలువదు. దానికి కర్నూలు ఎంత దూరమో ఒంగోలు కూడ ఇంచుమించు అంతే దూరము. దగ్గరగా ఉన్నది నంద్యాల. ఏది ఎట్లున్నను, కలెక్టరు కచేరీ ఎక్కడ ఉండవలెనను ప్రశ్నకు సమాధానముగా గీసిన గీత అది. ఆ గీతయే మరి కొన్నేళ్ళకు ఇతర ప్రశ్నలన్నిటికి సమాధానముగా మారినది.

గీత మారిన పిమ్మట

1972-73లో జై ఆంధ్ర ఉద్యమము జరిగిన పిమ్మట, 1973 సెప్టెంబరులో ఆరు సూత్రముల పథకము వచ్చినది. దానిని అనుసరించి రాజ్యాంగములో 371-డి అధికరణము చేరినది. దాని క్రింద విద్యాలయ ప్రవేశములకు 1974లోను, ప్రభుత్వోద్యోగములకు 1975లోను రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడినవి. రెండింటికిని జిల్లాయే కొలబద్ద.

విద్యాలయ ప్రవేశములలో ప్రకాశం జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయ స్థానిక ప్రాంతములో చేరినది. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాలతో పాటు నెల్లూరు కూడ శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ స్థానిక ప్రాంతములోనికి పోయినది. ఈ విధానములో 85 శాతము సీట్లు స్థానికులకు కేటాయింపబడును. కావున 1970లో జిల్లా మారియుండనిచో గిద్దలూరు విద్యార్థి నంద్యాల విద్యార్థితో కలిసి ఒకే జాబితాలో ఉండెడివాడు. కనిగిరి విద్యార్థి నెల్లూరు వారితో ఉండెడివాడు. మారిన పిమ్మట ఇద్దరును కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల విద్యార్థులతో పోటీపడవలసి వచ్చినది. కాలువల క్రింద పంటలు, వాటి వెంట కళాశాలలు ముందే పెరిగిన జిల్లాలవి.

ఉద్యోగముల ఉత్తర్వులో లెక్క మరొక విధముగా ఉన్నది. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు కలిపి మూడవ జోను. రాయలసీమ నాలుగు జిల్లాలు నాలుగవ జోను. అనగా నెల్లూరు చదువులో సీమతోను, ఉద్యోగములో కోస్తాతోను ఉన్నది. ప్రకాశము రెండింటను కోస్తాలోనే ఉన్నది. ఒంగోలు, చీరాల వారికి ఇది సహజమే. నల్లమల అంచున ఉన్న మండలములకు మాత్రము ఇది తమను అడుగకయే జరిగిన బదిలీ.

రాష్ట్ర విభజన కాలములో

2010 డిసెంబరు చివర శ్రీకృష్ణ కమిటీ కేంద్రమునకు సమర్పించిన నివేదికలో ఆరు మార్గములు పేర్కొనబడినవి. అందు మూడవది తెలంగాణతో రాయలసీమను కలిపి రాయల-తెలంగాణగాను, కోస్తాను వేరుగాను చేయుట. 2013 చివరలో కర్నూలు, అనంతపురం జిల్లాలను మాత్రమే తెలంగాణతో ఉంచు ఆలోచన మరల చర్చకు వచ్చినది. హైదరాబాదుతో సంబంధము తెగకుండుటయు, శ్రీశైలము నీటి తగవు ఒకే రాష్ట్రములో ఉండుటయు దీనికి చెప్పిన కారణములు. 2013 డిసెంబరు 5న కేంద్ర మంత్రిమండలి పది జిల్లాల తెలంగాణకే ఆమోదము తెలిపినందున ఆ ఆలోచన ఆగిపోయినది.

ఈ రెండు ప్రతిపాదనలలో ఏది అమలైనను గిద్దలూరు ఒక రాష్ట్రములోను, కొండకు ఆవలనున్న నంద్యాల మరొక రాష్ట్రములోను ఉండెడివి. దోర్నాలకు పక్కనే ఉన్న శ్రీశైలము పరరాష్ట్ర క్షేత్రమయ్యెడిది. పనుల కొరకు హైదరాబాదుకు వలస పోవు కుటుంబములు ఈ మండలములలో ఎన్నియో కలవు. అయినను చర్చలో వీటి పేరు ప్రత్యేకముగా వినిపింపలేదు, లెక్క జిల్లాల వారీగా జరిగినందున.

నిజమునకు మన రాజ్యాంగములో చిన్న ప్రాంతము అభిప్రాయమును వేరుగా లెక్కించు పద్ధతి లేదు. 3వ అధికరణము ప్రకారము రాష్ట్రముల సరిహద్దులు మార్చు అధికారము పార్లమెంటుది. శాసనసభ అభిప్రాయము కోరవలెను గాని దానికి కట్టుబడవలసిన పని లేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించినను ఫిబ్రవరిలో పార్లమెంటు దానిని ఆమోదించినది.

విభజన చట్టములోని 46వ విభాగము రాయలసీమ, ఉత్తర కోస్తా ప్రాంతములకు ప్రత్యేక ప్రోత్సాహము ఇయ్యవలెనని చెప్పినది. దానిని అనుసరించి ఏడు జిల్లాలకు ఏటా జిల్లాకు 50 కోట్ల రూపాయల చొప్పున కేటాయించిరి. రాయలసీమ నాలుగు జిల్లాలు, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ఆ ఏడు. ప్రకాశం అందులో లేదు. పాత కర్నూలు జిల్లాలో కలిసియున్న పత్తికొండకు నిధి అందినది, మార్కాపురమునకు అందలేదు. వర్షము మారలేదు, భూమి మారలేదు. జిల్లా పేరు మారినది. 2024 జులైలో కేంద్ర బడ్జెటు ప్రసంగములో ఈ నిధులను ప్రస్తావించునప్పుడు రాయలసీమ, ఉత్తర కోస్తాలతో పాటు ప్రకాశమును కూడ పేర్కొనిరి.

భద్రాచలము, ఇతర ఉదాహరణలు

తెలుగు నేల మీద ఇట్టి సమస్య మరింత స్పష్టముగా కనిపించునది భద్రాచలము వద్ద. తూర్పు గోదావరిలోని భద్రాచలము తాలూకా 1959లో ఖమ్మం జిల్లాలో చేరినది. 2014లో పోలవరం ముంపు కారణముగా ఖమ్మం జిల్లా మండలములు ఏడింటిని, భద్రాచలము పట్టణమును మినహాయించి, ఆంధ్రప్రదేశ్‌లో కలిపిరి. స్థానికుల ఓటు తీసుకొనలేదు. భద్రాచలము చుట్టునున్న ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీల నుండి తమను మరల తెలంగాణలో చేర్చవలెనను కోరిక ఆ తరువాత వినవచ్చినది.

ఓట్లు ఎట్లు లెక్కించిరను దాని మీదనే ఫలితము ఆధారపడునని చెప్పుటకు హిందూ మహాసముద్రములోని మయోట్ దీవి మంచి ఉదాహరణ. 1974లో కొమొరో దీవులు ఫ్రాన్సు నుండి స్వాతంత్ర్యము కోరుచు అత్యధికముగా ఓటు వేయగా, మయోట్ ప్రజలలో అధికులు ఫ్రాన్సుతోనే ఉండగోరిరి. దీవుల సమూహమును ఒకటిగా లెక్కించినచో మయోట్ మాట చెల్లదు. దీవి దీవికి లెక్కించినచో చెల్లును. ఫ్రాన్సు రెండవ లెక్కను అంగీకరించినది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దానిని ఒప్పుకొనలేదు. మయోట్ 2011 నుండి ఫ్రాన్సులో పూర్తి జిల్లా హోదా పొందినది.

బ్రిటన్‌లో దీనికి విరుద్ధముగా జరిగినది. 2016 జూన్ 23న యూరోపియన్ యూనియన్ నుండి వైదొలగుటకు దేశము మొత్తము మీద 51.9 శాతము ఓటు వేసిరి. స్కాట్లండ్‌లో 62 శాతము, ఉత్తర ఐర్లండ్‌లో 55.8 శాతము ఉండుటకే మొగ్గు చూపిరి. దేశమంతయు ఒకే పెట్టెగా లెక్కించినందున అవి కూడ 2020 జనవరి 31న బయటకు రావలసి వచ్చినది. సరకుల విషయములో ఉత్తర ఐర్లండ్‌కు మాత్రము ప్రత్యేక ఏర్పాటు లభించినది.

నీరు

పశ్చిమ ప్రకాశము కోరికలలో మొదటిది నీరు. నాగార్జునసాగర్ కుడి కాలువ దర్శి, అద్దంకి వైపు పారును గాని మార్కాపురం, గిద్దలూరు మెట్టకు ఎక్కదు. శ్రీశైలము జలాశయపు వెనుక నీటిని కొల్లంవాగు వద్ద నుండి రెండు సొరంగముల ద్వారా నల్లమల దాటించుటకు పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టును తలపెట్టిరి. 43.5 టి.ఎం.సి.ల నీటితో ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాలలో 4.47 లక్షల ఎకరములు తడుపుట దీని లక్ష్యము. 1996లో శంకుస్థాపన జరిగినది. ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైబడిన ఆ సొరంగములు పూర్తియై 2024 మార్చిలో జాతికి అంకితమైనవి. కాలువలు, నిర్వాసితుల పునరావాసము పనులు అప్పటికి మిగిలియుండెను. నీరు వచ్చు దిక్కు కొండకు ఆవలి శ్రీశైలము. ఈ ప్రాజెక్టు విభజన చట్టములోని పదకొండవ షెడ్యూలులో హంద్రీ-నీవా, గాలేరు-నగరి, తెలుగుగంగలతో కలిపి పేర్కొనబడినది. ఆ పట్టికలో మాత్రము పశ్చిమ ప్రకాశము సీమ ప్రాజెక్టుల సరసనే నిలిచినది.

మార్కాపురం జిల్లా

2022 ఏప్రిల్ 4న రాష్ట్రములో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు లోక్‌సభ నియోజకవర్గమును ప్రమాణముగా తీసుకొనిరి. అద్దంకి, పర్చూరు, చీరాల బాపట్ల జిల్లాకును, కందుకూరు నెల్లూరుకును పోయినవి. మార్కాపురం, గిద్దలూరు ఒంగోలు లోక్‌సభ స్థానములో ఉన్నందున వేరు జిల్లా కొరకు ఎంతో కాలముగా ఉన్న కోరిక అప్పుడు తీరలేదు. 2025 నవంబరులో ప్రభుత్వము ఈ ప్రతిపాదనను ఆమోదించి, ఆ సంవత్సరాంతమున మార్కాపురం కేంద్రముగా జిల్లాను ఏర్పరచినది. యర్రగొండపాలెం, మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి శాసనసభ నియోజకవర్గములు ఇందులో ఉన్నవి. మొదటి మూడింటిలో అధిక భాగము పాత కర్నూలు భూమి, నాలుగవది పాత నెల్లూరు భూమి.